నిద్రగన్నేరు మీద బేరం

ఆ కాలంలో మా ఇంట్లో ఉద్యోగం అంటే కుర్చీ. జీతమెంత, పనేమిటి అని అడిగే ముందు, "కూర్చుని చేసేదేనా?" అని అడిగేవారు. నాన్న వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు, పొద్దస్తమానం నిలబడే మనిషి. అమ్మ రైల్వే ఆసుపత్రిలో నర్సు, ఆవిడకి నిలబడే తీరిక కూడా ఉండేది కాదు, నడకే. ఆ వర్క్‌షాపు వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోని మా క్వార్టర్లో సాయంత్రాలు ఒకే బకెట్ వేడినీళ్లలో ఇద్దరి పాదాలూ చూస్తూ పెరిగినదాన్ని నేను. అందుకే డిగ్రీ, దాని వెనకే కంప్యూటరు కోర్సు పూర్తిచేసి మొదటి ఉద్యోగం తెచ్చుకున్న రోజున, అక్కడ నాకు చక్రాలున్న కుర్చీ ఇస్తారని చెప్పగానే అమ్మ మోకాళ్ల మీద కూర్చుని ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంది. (నాన్న మాత్రం, "బేరింగులు బాగున్నాయా అమ్మలూ?" అని అడిగాడు.) ఇన్నేళ్ల తరవాత తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎందుకంటే ఆ ఉద్యోగంలో నాకు పేరు తెచ్చిన సాయంత్రం నా కింద కుర్చీ కాదు కదా, భూమి కూడా లేదు.

దుకాణం మా ఊళ్లోనే దేవేంద్ర నగర్ దగ్గర, పెద్ద రోడ్డు మీద ఉండేది. నీళ్ల పంపులు, మందు కొట్టే స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు అమ్మేవాళ్లం. బిల్లులు కంప్యూటర్లో కొట్టడం నా పని. యజమానిని ఊరంతా సేఠ్‌జీ అనేవారు. మంచి మనిషి, కానీ ఆశ పుట్టిందంటే పట్టపగ్గాలుండేవి కావు. నేను చేరిన కొన్నాళ్లకి ఢిల్లీలో ఏదో మిషన్ల ప్రదర్శనకి వెళ్లి, వేరే మనిషై తిరిగొచ్చాడు. "బేటా, భిలాయి నుంచి బిలాస్‌పూర్ దాకా చెట్లే చెట్లు! అందరూ ఇంకా గొడ్డళ్లతోనే కొడుతున్నారు!" అని హిందీలో ఉప్పొంగిపోయాడు. ఆ వెనకే లారీలో సరుకు దిగింది. నారింజ రంగు రంపం మిషన్లు, చిన్నవీ పెద్దవీ, పళ్లు ఇకిలించిన మొసళ్లలా వరసగా. ముఖానికి జాలీ, చెవులకి డిప్పలు ఉన్న హెల్మెట్లు. ఎరుపూ పసుపూ కలనేసిన తాళ్లు. నడుముకీ తొడలకీ పట్టీలున్న బెల్టులు, చెట్టెక్కేవాళ్లు కట్టుకోవడానికి. మిషన్లని చూసి జనం ముచ్చటపడ్డారు. బెల్టుల్ని చూసి మాత్రం ఒక పెద్దమనిషి, "ఇది గేదెకా, గుర్రానికా?" అని అడిగి వెళ్లిపోయాడు.

అడిగినవాడికల్లా చెప్పలేక సేఠ్‌జీ తన బావమరిది చీరల దుకాణం నుంచి ఒక బొమ్మని తెప్పించాడు. ఎర్రటి పెదాలతో ఎప్పుడూ నవ్వుతూ ఉండే నిలువెత్తు ఆడబొమ్మ. దానికి బెల్టు తొడిగి, హెల్మెట్ పెట్టి, దుకాణం ముందు ఇనుప దూలానికి వేలాడదీశాం. పొద్దున్నే పాలవాడు చూసి ఎవరో ఉరేసుకున్నారని కేకలు పెట్టాడు. రోడ్డంతా పోగైంది. ఒకాయన ప్రాణం కాపాడదామని ఎగిరి కాళ్లు పట్టుకుంటే, పాపం, ఆ కాళ్లు నడుము దాకా ఊడి ఆయన చేతిలోకొచ్చాయి. ఆయన స్పృహ తప్పాడు. బొమ్మ పైసగం మాత్రం నవ్వుతూనే ఉంది. ఆ మధ్యాహ్నం సేఠ్‌జీ దుకాణంలో ఉన్నవాళ్లందరినీ ఒకసారి తేరిపార చూశాడు. తను స్వయంగా బస్తా. మరమ్మతులు చేసే మిస్త్రీ చాచాకి మోకాళ్ల నొప్పులు. చివరికి చూపు నా మీద ఆగింది. అప్పట్లో నేను గాలి గట్టిగా వీస్తే గోడ పట్టుకునేంత బక్కగా ఉండేదాన్ని.

అలా నా ఉద్యోగం కుర్చీలోంచి దూలానికి మారింది. ఇంట్లో చెప్పడం ఎందుకులే అనుకున్నాను. కుర్చీ కుర్చీలాగే ఉంది, నేనే అందులో లేను. సరుకుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి, మిస్త్రీ చాచా సాయంతో తాడు ముళ్లు వెయ్యడం నేర్చుకున్నాను. అన్నిట్లో ముఖ్యమైన ముడి ఒకటుంది. పైనుంచి దిగిన లావు తాడుకి ఓ పొట్టి తాడు చుట్టి వేసేది. బరువు పడితే అది బిగుసుకుంటుంది, బరువు తీసేస్తే జారుతుంది. కింది తాడుని పాదాలతో నొక్కి లేస్తూ, దాన్ని పైకి జరుపుకుంటూ, కూర్చుంటూ, మళ్లీ జరుపుకుంటూ మనిషి తాడెక్కిపోవచ్చు. దూలం దగ్గరికి చేరగానే చాచా, "బస్, నోనీ, బస్!" అని (ఛత్తీస్‌గఢీలో ఆడపిల్లని ముద్దుగా పిలిచే మాట అది) నా కాళ్ల కింద ఎత్తు స్టూలు పెట్టేవాడు. నేను దాని మీద నిలబడి ముడి వదులు చేసుకుని దర్జాగా దిగేదాన్ని. స్టూలు ప్రాముఖ్యం నాకు అప్పుడు తెలియలేదు.

నిజం చెప్పాలంటే, ఆ వేలాడటం నాకు నచ్చింది. వేసవి మధ్యాహ్నాలు, కరెంటు పోయి, ఖాతాదారులు రాని వేళ, సేఠ్‌జీ గల్లా మీద తల వాల్చి గురక పెడుతుంటే నేను బెల్టులో కూర్చుని మెల్లగా ఊగేదాన్ని. పట్టీలు తొడల్ని పట్టుకుని మోస్తుంటే ఒంట్లో బరువున్నట్టే అనిపించేది కాదు. బయట ఎండలో రిక్షా గంట ఎక్కడో నీళ్లలో మోగినట్టు వినిపించేది. నాకేవేవో కలలు వచ్చేవి. మా కాలనీ మీదుగా మెల్లగా తేలుకుంటూ, దండేల మీది బట్టల్ని మునివేళ్లతో తాకుకుంటూ వెళుతున్నట్టు. ఒక్కోసారి నిజంగానే నిద్రపోయేదాన్ని. అలాంటి ఒక మధ్యాహ్నం కళ్లు తెరిచేసరికి ఎదురుగా గుబురు మీసాలతో ఒక మనిషి, చేతులు వెనక్కి కట్టుకుని, జూలో జంతువుని చూసినట్టు నన్ను చూస్తున్నాడు.

"ఏటమ్మా, పిల్లల్ని ఇలా ఆరేస్తారేటి ఈ కొట్లో?" అన్నాడు అచ్చ తెలుగులో. (నిద్రలో నేను తెలుగులో ఏదో గొణిగి ఉంటాను.)

ఆయన శ్రీకాకుళం నుంచి వచ్చి దగ్గర్లోని తిల్దాలో స్థిరపడ్డాడు. రైసు మిల్లుల ఆవరణల్లో చెట్లు కొట్టే కాంట్రాక్టులు చేసేవాడు. పుట్టి బుద్ధెరిగాక గొడ్డలి తప్ప మరొకటి పట్టలేదట. అందుకే మనసులో ఆయనకి గొడ్డలి బాబాయి అని పేరు పెట్టేసుకున్నాను. ఇప్పుడు మా కాలనీలోనే, వానలు పడేలోగా క్వార్టర్ల కప్పుల మీద వాలిన కొమ్మలు కొట్టే పని దొరికింది. మిషన్లు కొనాలి. తిన్నగా వెళ్లి అన్నిటికంటే పెద్ద మొసలి మీద చెయ్యి వేశాడు.

"ఇదియ్యి. ఒక్క కాటుకి సెట్టు పడిపోవాల."

"బాబాయ్, అది కింద నిలబడి మొదళ్లు కొయ్యడానికి. అంత బరువు మోసుకుని చెట్టు మీద ఎంతసేపు పని చేస్తారు? పైకి ఈ చిన్నది తీసుకోండి. పిడి పైభాగంలోనే ఉంది చూడండి, చేతిలో ఒదిగినట్టుంటుంది. కింద పనికి ఆ మధ్యరకం చాలు."

"ఇది మాయావిడ కొబ్బరి కోరడానికి పనికొస్తాదే!"

"మరి బెల్టులు? మనుషులెంతమంది ఉంటే అన్ని కావాలి. తాళ్లూ అంతే."

"ఒక్కటియ్యి," అన్నాడు మొహం పక్కకి తిప్పుకుని. "ఇంట్లో ఆడోళ్లు బెల్టు కొంటే గానీ సెట్టు ఎక్కనివ్వరంట. గోడకి తగిలిస్తాను, సూసుకుంటారు."

నాకు ఒళ్లు మండింది. దానికి కారణం లేకపోలేదు. సరుకు వచ్చినప్పట్నుంచీ ఒక్క బెల్టు కదల్లేదు. వానలు పడేలోగా ఇవి పోకపోతే అన్నీ వెనక్కి పంపేసి మళ్లీ పంపులే అమ్ముకుంటానని సేఠ్‌జీ అప్పటికే నిట్టూర్చి ఉన్నాడు. పంపుల బిల్లులకి కంప్యూటరు అక్కర్లేదని కూడా అన్నాడు. అంటే నేనూ అక్కర్లేదనే కదా. గోడకి తగిలించే బెల్టు ప్రాణం కాపాడదని నేను పాఠం మొదలుపెట్టాను. బాబాయి ఓపిగ్గా విని, "నువ్వు ఏలాడతన్నది దూలానికమ్మా. దూలం ఊగదు, సీమలు కుట్టవు. సెట్టెక్కి సూపించు, అప్పుడు కొంటాను," అన్నాడు. సేఠ్‌జీకి తెలుగు రాదు గానీ బేరం వాసన మాత్రం నిద్రలో కూడా పసిగడతాడు. గల్లా మీంచి తల ఎత్తి, సంగతి కనుక్కుని, "అరే, చూపిస్తుంది! ఈ అమ్మాయి ఎక్స్‌పర్ట్!" అని హిందీలో మాట ఇచ్చేశాడు. ఎక్స్‌పర్ట్ అప్పటికి జన్మలో చెట్టెక్కి ఎరగదు.

ప్రదర్శనకి బాబాయి ఎంచుకున్న చెట్టు ఏదో తెలిసి నా గుండె జారిపోయింది. మా క్వార్టర్ల వెనకున్న నిద్రగన్నేరు. పెద్ద గొడుగులా పరుచుకుని, సగం మైదానానికి నీడ ఇచ్చే చెట్టు. ఎండ ఉన్నంతసేపూ ఆకులు విప్పుకుని ఉండి, పొద్దు వాలుతుంటే చేతులు జోడించినట్టు ముడుచుకుంటాయి. చిన్నప్పుడు మేం ఆ ఆకుల్ని చూసే ఆటలు ఆపి ఇళ్లకి పోయేవాళ్లం. అమ్మకి ఆ రోజు డ్యూటీ సాయంత్రం దాకా ఉంది కాబట్టి, ఆవిడ వచ్చేలోగా ఎక్కేసి దిగేయొచ్చని ధైర్యం తెచ్చుకున్నాను.

కొమ్మ మీదుగా తాడు వెయ్యాలంటే ముందు సన్నని దారానికి ఇసక సంచీ కట్టి విసరాలి. మిస్త్రీ చాచా మొదటి విసురు పక్క క్వార్టర్ అత్తయ్యగారి డాబా మీద, ఆవిడ ఆరబెట్టిన ఒడియాల నడుమ పడింది. ఆవిడ తిట్ల శబ్దానికి కాలనీ సగం బయటికొచ్చింది. తరవాతి విసురు కొమ్మని దాటింది. సల్వార్ మీద బెల్టు బిగించుకుని, హెల్మెట్ పెట్టుకుని, బూట్లు కట్టుకుని, సైన్యంలో చేరుతున్నట్టు ఒక చూపు చూసి, ఎక్కడం మొదలుపెట్టాను. జరుపు, కూర్చో. జరుపు, కూర్చో. దూలం ఎత్తు దాటాక భయమేసింది గానీ ఆగలేదు. కింద పిల్లలు ఈలలు వేస్తున్నారు. కొమ్మల మధ్యకి చేరి, రెండో తాడుతో నన్ను ఇంకో కొమ్మకి కట్టేసుకుని (రంపం ఆడించే ముందు రెండు ఆధారాలు ఉండాలి, అందులో ఒకదానికి లోపల ఉక్కు తీగ ఉండాలి, రంపం పొరపాటున తగిలినా తెగకుండా), చిన్న మిషన్ని తాడుతో పైకి లాగి, ఒక ఎండుకొమ్మని కోశాను. వెన్న కోసినట్టు కోసింది. చప్పట్లు. మిషను కిందికి పంపేశాను. ఆ రెండో తాడునీ విప్పేశాను. ఇక దిగడమే.

దిగలేదు. నా బరువంతా మీద పడి ముడి రాయిలా బిగుసుకుపోయింది. పీకాను, గిల్లాను, బతిమాలాను. తాడుని పాదాలతో నొక్కి లేద్దామంటే బలమంతా ఎక్కడంలోనే అయిపోయింది. కాళ్లు చాపి వెతికితే ఒక్క కొమ్మా అందలేదు. స్టూలు జ్ఞాపకం వచ్చింది. కిందికి చూస్తే సేఠ్‌జీ నా పెళ్లి చేస్తున్నవాడిలా అందరికీ టీ ఇప్పిస్తున్నాడు. దిగలేనని చెబితే బెల్టులూ పోతాయి, ఉద్యోగమూ పోతుంది. అందుకని గొంతు సవరించుకుని, "ఇప్పుడు మీకు ఈ బెల్టు గురించి వివరంగా చెబుతాను," అన్నాను.

అలా మొదలైంది ఉపన్యాసం. పైనుంచి అంత పొడుగ్గా ఎవరూ మాట్లాడి ఉండరు (చర్చిలో మా పాస్టరుగారిని మినహాయిస్తే). తొడల పట్టీలు ఎందుకు వెడల్పుగా ఉండాలో చెప్పాను. నడుము పట్టీ ఒక్కటే ఉంటే మనిషి ఎలా తలకిందులవుతాడో చెప్పాను. కొక్కేలకి తాళం ఎందుకో, హెల్మెట్ గడ్డం కింద ఎందుకు బిగించాలో, పచ్చిచెట్టుని ఇనుప ముళ్ల బూట్లతో ఎక్కితే దానికెంత నొప్పో చెప్పాను. తాళ్లు ఎండలో పెట్టొద్దన్నాను. రంపం గొలుసుకి నూనె గురించి తెలుగులో చెప్పి, హిందీలో చెప్పాను. బాబాయి కింద తన మనుషుల నడుమ బాసింపట్టు వేసుకుని శ్రద్ధగా ప్రశ్నలు అడుగుతున్నాడు. జవాబులు చెబుతూనే నేను చుట్టూ చూడటం మొదలుపెట్టాను, ఇక చేసేదేం లేదు కాబట్టి.

అప్పుడు నాకు భయం పోయింది. ఎలా పోయిందో ఇప్పటికీ చెప్పలేను. వర్క్‌షాపు రేకుల కప్పులు పొడుగ్గా, ఎండకి బంగారు పూత పూసినట్టు పడుకుని ఉన్నాయి. వాటి అవతల రిపేరుకి వచ్చిన వ్యాగన్లు పిల్లలు వదిలేసిన బొమ్మల్లా. దూరంగా ఫ్యాక్టరీల పొగ గులాబీరంగు తిరిగి ఆకాశంలో కరుగుతోంది. మా డాబా మీద నాన్న చొక్కా ఒకటి నాకే చెయ్యి ఊపుతున్నట్టు ఊగుతోంది. నేను పుట్టి పెరిగిన చోటు, ఎన్నడూ చూడనట్టుంది. గాలి వచ్చినప్పుడల్లా చెట్టు నన్ను కొంచెం అటూ, కొంచెం ఇటూ పట్టుకుని ఊపింది. మెల్లగా, ఒక్కో రెమ్మా, నా చుట్టూ ఆకులు ముడుచుకోవడం మొదలుపెట్టాయి. నేను మాట్లాడటం మానేశాను. కింద ఎవరో, "ఏమైంది?" అంటున్నారు. నాకు జవాబు చెప్పాలనిపించలేదు.

"ఏమే! అది నువ్వేనా?"

ఆ గొంతుకి మాత్రం జవాబు చెప్పక తప్పదు. డ్యూటీ నుంచి వస్తున్న అమ్మ, తెల్లచీరలో, భుజాన సంచీతో, తల వెనక్కి వంచి చూస్తోంది.

"నేనేనమ్మా."

"అక్కడేం చేస్తున్నావే?"

"డ్యూటీలో ఉన్నానమ్మా."

"కుర్చీ ఏదే? కుర్చీ అన్నావు కదే!" అమ్మ సంచీ కింద పడేసింది. "దిగు. ముందు దిగు."

"దిగడం రావట్లేదమ్మా," అన్నాను. ఆ ఒక్కమాటా ఎవరో హిందీలో చెప్పగానే సేఠ్‌జీ చేతిలో టీ గ్లాసు ఒలికింది.

గొడ్డలి బాబాయి లేచి, చెప్పులు విడిచి, పంచె ఎగగట్టాడు. "ఉండమ్మా, నానొస్తన్నాను," అని ఒట్టి చేతులతో మొదలు పట్టుకున్నాడు. అప్పుడు నాకెక్కణ్నుంచి వచ్చిందో ఆ పొగరు. "బెల్టు కట్టుకోకుండా ఎక్కారంటే నేను దిగను బాబాయ్!" అని అరిచాను. "పిచ్చిదానా, ఆయన్ని రానివ్వవే!" అంది అమ్మ. "కట్టుకుంటేనే!" అన్నాను. ఆకాశంలో వేలాడుతూ షరతులు పెట్టే మనిషిని ఆ కాలనీ అంతకుముందు చూసి ఉండదు. బాబాయి కాసేపు నన్నే చూశాడు. తరవాత, ఏమనుకున్నాడో, రెండు చేతులూ చాపి, "కట్టండ్రా," అన్నాడు. చాచా బెల్టు తొడిగాడు. నేను మిషన్ని లాగిన పొడుగు తాడుని చేతికందిన ఇంకో కొమ్మ మీదుగా వేసి కిందికి వదిలాను. ఒక కొస బాబాయి బెల్టుకి కట్టి, రెండో కొస ఆయన మనుషులు పట్టుకుని, ఆయన ఎక్కిన కొద్దీ లాగి బిగించారు.

ఎంత చకచకా ఎక్కాడో! నా పక్కకి, కొంచెం కిందుగా ఉన్న కొమ్మ మీదికి వచ్చి నిలబడ్డాడు. అలవాటు కొద్దీ ఒక చెయ్యి కొమ్మని గట్టిగా కరుచుకునే ఉంది.

"వదిలేయండి బాబాయ్. బెల్టులో కూర్చోండి. తాడు పట్టుకుంటుంది."

ఆయన వేళ్లు ఒక్కొక్కటే విడిచాడు. తాడు బిగుసుకుంది. ఆయన కూర్చున్నాడు. రెండు చేతులూ ఖాళీగా, ఏం చెయ్యాలో తెలియక, ఒళ్లో పెట్టుకున్నాడు. కళ్లు వర్క్‌షాపు మీదుగా దూరంగా పోయాయి.

"ఇన్నేళ్లనుంచీ ఎక్కుతున్నాను గానీ," అన్నాడు చివరికి, "సెట్టుమీంచి సుట్టూ ఎప్పుడూ సూళ్లేదమ్మా. సూపంతా సేతుల మీదే ఉండేది." తాడుని ఒకసారి తడిమాడు. "మా తమ్ముడు నిరుడు పడ్డాడు. ఇప్ప సెట్టు మీంచి. కాల్లో ఇనుము ఏసారు. ఇప్పుడు గడపలో కూకుని నేనెప్పుడొస్తానా అని దారి సూస్తుంటాడు. వాడికిలా ఒక్క తాడుంటే..." మా ఇద్దరి చుట్టూ ఆకులన్నీ పూర్తిగా ముడుచుకున్నాయి.

"మీరిద్దరూ అక్కడే కాపురం పెడతారా?" అని కిందనుంచి అమ్మ కేక వినిపించాక ఆయన నవ్వి, తన భుజం నా బూట్ల కింద పెట్టాడు. నేను లేచి నిలబడ్డాను. ముడి మీద బరువు పోయింది, అది టప్పున చిన్న శబ్దం చేసి వదులైంది. దిగాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఇంటి దాకా వదల్లేదు. బాబాయి తన మనుషులందరికీ బెల్టులూ తాళ్లూ హెల్మెట్లూ తీసుకున్నాడు. మిషన్లు చిన్నదీ, మధ్యదీ. పెద్ద మొసలి మా దుకాణంలోనే ఉండిపోయింది. సేఠ్‌జీ నా మీద గర్వంతో, నేను కావాలనే ఇరుక్కున్నానని, అది ఢిల్లీలో కూడా లేని కొత్త రకం అమ్మకమని ఊరంతా చెప్పుకున్నాడు.

ఇంట్లో అమ్మ నా అరచేతుల మీద తాడు ఒరిపిడికి మందు రాయడం మొదలుపెట్టింది. తిట్లు వస్తాయని కాచుక్కూచున్నాను.

"పైనుంచి మన ఇల్లు కనిపించిందా?" అంది.

"కనిపించిందమ్మా."

"ఎట్లా ఉంది?"

"చిన్నగా. బాగుంది."

అమ్మ మందు రాసిన చోటే మళ్లీ రాసింది.

తరవాత ఆ పనిలో మరికొన్నాళ్లు ఉన్నాను, స్టూలు లేకుండా దిగడం కూడా నేర్చుకున్నాను. ఆ వెనక పెళ్లి, వేరే ఉద్యోగం, నిజంగానే కుర్చీలో కూర్చునేది. ఇప్పుడు ఉండేది దేవేంద్ర నగర్లో, మూడో అంతస్తు. బాల్కనీలోంచి కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయి, మెట్లెక్కితే మోకాళ్లు పలకరిస్తాయి. మొన్న కూరగాయల సంచీతో వస్తుంటే మా వీధి మలుపులో ఒక కుర్రవాడు వేపచెట్టు మీద తాడుకి వేలాడుతూ కొమ్మలు కోస్తున్నాడు. చేతిలో చిన్న మిషను. రెండో ఆధారం కట్టుకున్నాడా అని చూశాను. కట్టుకున్నాడు. హెల్మెట్ గడ్డం కింద బిగించుకున్నాడా? బిగించుకున్నాడు. పని ఆపి ఒక్క క్షణం అతను బెల్టులో వెనక్కి వాలి, ఊరికే ఎటో చూస్తూ ఉండిపోయాడు. ఏం కనిపిస్తోందో అడుగుదామని, సంచీ కింద పెట్టి, నోరు తెరిచి, మెడ నొప్పి పుట్టే దాకా అలాగే నిలబడ్డాను. అతను కిందికి చూసి, ఎంతో మర్యాదగా హిందీలో అరిచాడు.

"ఆంటీజీ, కొంచెం పక్కకి జరగండి. మీ మీద పడుతుంది."

సంచీ తీసుకుని పక్కకి జరిగాను.